జర్మనీలో నిర్మాణ పనుల ఔస్‌బిల్డుంగ్: కాంట్రాక్టు పరిశీలన నుంచి రెసిడెన్స్ పర్మిట్ దాకా

అడిగేవాళ్లు మారుతున్నా ప్రశ్న మారడం లేదు. "ఐటీఐ చేశాను. జర్మనీలో కన్‌స్ట్రక్షన్ ట్రైనింగ్ వీసా అంటున్నారు. ఏజెంటు లక్షల్లో అడుగుతున్నాడు, కట్టొచ్చా?" కట్టకండి, కనీసం ఇది చదివేదాకా ఆగండి.

జర్మనీలో కంపెనీలో పని నేర్చుకుంటూ, మధ్యమధ్యలో వృత్తి పాఠశాలకు వెళ్తూ, నెలనెలా భత్యం తీసుకునే శిక్షణను ఔస్‌బిల్డుంగ్ అంటారు. విదేశీయులకు దీనికోసం అక్కడి నివాస చట్టంలో 16ఏ సెక్షన్ కింద పర్మిట్ ఇస్తారు. ఫీజు కట్టి చేరే కోర్సు కాదిది, లేబర్ వీసా అంతకన్నా కాదు. ఈ రెండింటిలో ఏదో ఒకటిగా చెప్పి అమ్మేవాళ్ల దగ్గరే మనవాళ్లు ఎక్కువగా మోసపోతున్నారు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు
- టెన్త్, ఇంటర్, ఐటీఐ లేదా డిప్లొమా సర్టిఫికెట్లు
- జర్మన్ భాష బి1 సర్టిఫికెట్ (ఏ1 నుంచి సీ2 దాకా ఉండే ఆరు స్థాయిల్లో బి1 మూడోది)
- ఇద్దరూ సంతకం చేసిన శిక్షణ కాంట్రాక్టు, దానితోపాటు శిక్షణ ప్రణాళిక
- కంపెనీ నింపి ఇచ్చే ఉద్యోగ వివరాల ఫారం. జర్మన్‌లో దీన్ని "ఎర్‌క్లేరుంగ్ త్సుమ్ బెషెఫ్టిగుంగ్స్‌ఫెర్‌హెల్ట్‌నిస్" అంటారు. పేరు నోరు తిరక్కపోయినా ఫరవాలేదు, కాగితం మాత్రం ఉండాలి.
- సీవీ, మీరే రాసుకున్న మోటివేషన్ లెటర్
- అక్కడ దిగాక ప్రభుత్వ ఆరోగ్య బీమా మొదలయ్యేదాకా సరిపోయే ట్రావెల్ ఇన్సూరెన్స్
- వీసా ఫీజు 75 యూరోలకు సరిపడా రూపాయలు

వీటన్నిటికన్నా ఎక్కువగా కావాల్సింది సమయం. భాష దగ్గర మొదలుపెట్టే వాళ్లకు ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. "మూడు నెలల్లో పంపిస్తాం" అన్నవాళ్లతో మాట పెంచుకోవద్దు.

1. ఈ దారి మీకేనా అని తేల్చుకోండి

టెన్త్ లేదా ఇంటర్ పాసై, నిర్మాణ పని మొదటినుంచీ నేర్చుకోవాలనుకునే వాళ్లకు ఔస్‌బిల్డుంగ్ సరిగ్గా సరిపోతుంది. 16ఏ సెక్షన్‌లో గరిష్ఠ వయోపరిమితి అంటూ ఏమీ లేదు. అయితే ముప్పై దాటినవాళ్లు అప్లై చేస్తే "ఇప్పుడెందుకు?" అని అడుగుతారు, జవాబు సిద్ధంగా పెట్టుకోవాలి.

చేతిలో రెండేళ్ల ఐటీఐ ఉంటే (ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ వంటివి) ఇంకో దారి కూడా చూడండి. 2024 మార్చి నుంచి "గుర్తింపు భాగస్వామ్యం" అనే ఏర్పాటు ఉంది. మీ దేశంలో ప్రభుత్వం గుర్తించిన కనీసం రెండేళ్ల వృత్తి విద్య, ఏ2 స్థాయి జర్మన్, ఒక ఉద్యోగ కాంట్రాక్టు ఉంటే అక్కడికి వెళ్లి పనిచేస్తూనే మీ సర్టిఫికెట్‌కు గుర్తింపు తెచ్చుకోవచ్చు. మళ్లీ మొదటి ఏడాది అప్రెంటిస్‌గా కూర్చోవాల్సిన పని లేదు. ప్లంబర్, కార్పెంటర్ లాంటి ఏడాది కోర్సు ఒక్కటే చేసినవాళ్లు మాత్రం ఈ రెండేళ్ల షరతు దగ్గరే ఆగిపోతారు. వాళ్లకు ఔస్‌బిల్డుంగే మేలు.

సివిల్ బీటెక్ చేసినవాళ్లకు ఒక మాట. డిగ్రీ చేతిలో పెట్టుకుని తాపీ శిక్షణకు అప్లై చేస్తే వీసా అధికారికి అనుమానం రావడం సహజం. నిజంగా చేతిపనే కావాలనుకుంటే తప్పేమీ లేదు, కానీ కారణం గట్టిగా ఉండాలి. ముందు మీ డిగ్రీకి జర్మనీలో గుర్తింపు ఉందేమో "అనాబిన్" డేటాబేస్‌లో చూసుకోండి. డిగ్రీ మీద నేరుగా ఉద్యోగ వీసాకే అవకాశం ఉండొచ్చు.

2. భాష: ఏజెంట్లు దాటవేసే మెట్టు

ఈ శిక్షణకు మామూలుగా అడిగేది బి1. మీ జర్మన్ తమకు సరిపోతుందని కంపెనీయే రాసిస్తే కొంత వెసులుబాటు ఉంటుంది. నా మాట వింటే దానిమీద ఆధారపడకండి. వీసా వచ్చినా అక్కడి వృత్తి పాఠశాలలో పాఠాలు, పరీక్షలు, సైట్ మీద జాగ్రత్తలు చెప్పే మాటలు అన్నీ జర్మన్‌లోనే ఉంటాయి. పైనుంచి ఎవరో "ఆఖ్‌టుంగ్!" అని అరిస్తే పక్కకు జరగాలని వెంటనే తట్టాలి. సైట్ మీద భాష ప్రాణాలు కాపాడుతుంది.

జర్మన్ భాషా సంస్థ గోథె ఇన్‌స్టిట్యూట్ పెట్టే పరీక్షలో బి1కి నాలుగు భాగాలుంటాయి: చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం. ఒక్కో భాగానికి 100 మార్కులు, పాస్ కావాలంటే ఒక్కోదాంట్లో 60 రావాలి. ఒక్క భాగం పోతే దాన్నొక్కటే మళ్లీ రాసుకోవచ్చు. గోథె కాకుండా టెల్క్, ఒ.ఎస్.డి. సర్టిఫికెట్లు కూడా చెల్లుతాయి. కోచింగ్ సెంటర్ ఇచ్చే "కోర్సు పూర్తి" కాగితం వీసాకు పనికిరాదు. అది హాజరు పత్రం మాత్రమే.

మీ స్థాయి నిజంగా బి1కి వచ్చిందో లేదో ఇలా చూసుకోండి. నిన్న మీరు చేసిన ఒక పనిని, ఏ వస్తువులు వాడారు, ఏది ముందు ఏది తర్వాత అన్నదీ, పుస్తకం చూడకుండా మూడు నిమిషాలు జర్మన్‌లో చెప్పండి. ఆగి ఆగి అయినా చెప్పగలిగితే పరీక్షకు ఫీజు కట్టండి. ఇంగ్లిష్ పదాలే ముందుకొస్తుంటే ఇంకో నెల ఆగండి.

3. ఏ పని నేర్చుకుంటారో పేరుతో సహా తేల్చుకోండి

"కన్‌స్ట్రక్షన్" అని రాస్తే అక్కడ ఎవరికీ ఏమీ అర్థం కాదు. తాపీ పనికి మౌరర్, సెంట్రింగ్-కాంక్రీటు-రాడ్ పనికి బేటోన్ ఉంట్ స్టాల్‌బేటోన్‌బౌఅర్, చెక్క నిర్మాణానికి త్సిమ్మరర్, టైల్స్ పనికి ఫ్లీజెన్‌లేగర్, రోడ్డు పనికి స్ట్రాసెన్‌బౌఅర్, కప్పు వేసేవాళ్లకు డాఖ్‌డెకర్, పరంజా కట్టేవాళ్లకు గెర్యూస్ట్‌బౌఅర్ అని వేర్వేరు వృత్తులున్నాయి.

నిర్మాణ రంగంలో చాలా శిక్షణలు రెండంచెలుగా ఉంటాయి. మొదటి రెండేళ్ల తర్వాత ఒక పరీక్ష, దాంతో ఫాఖ్‌అర్బైటర్ అనే అర్హత వస్తుంది. మూడో ఏడాది పూర్తి చేస్తే మౌరర్, త్సిమ్మరర్ వంటి పూర్తి వృత్తి అర్హత. కాంట్రాక్టులో రెండేళ్లే ఉందా, మూడేళ్లా అన్నది చూడండి. రెండేళ్లతో ఆపేసే కాంట్రాక్టు తప్పు కాదు కానీ, మూడో ఏడాది చేయిస్తారో లేదో సంతకానికి ముందే అడగండి. ఎలక్ట్రీషియన్, ప్లంబింగ్-హీటింగ్ పనులకు శిక్షణ మూడున్నరేళ్లు.

4. కంపెనీని మీరే వెతకండి

ఇక్కడ ఏజెంటు అవసరం చాలామంది అనుకున్నంత లేదు. జర్మన్ ఫెడరల్ ఉపాధి సంస్థ పోర్టల్‌లో "ఔస్‌బిల్డుంగ్" ఫిల్టర్ పెట్టి వెతకొచ్చు. చేతివృత్తుల మండళ్లు, అంటే హాండ్‌వెర్క్స్‌కామర్‌లు, తమ పరిధిలోని ఖాళీలను విడిగా జాబితా వేస్తాయి. ప్రభుత్వ సైట్ "మేక్ ఇట్ ఇన్ జర్మనీ" ఇంగ్లిష్‌లోనూ ఉంది.

శిక్షణ సంవత్సరం సాధారణంగా ఆగస్టు లేదా సెప్టెంబరులో మొదలవుతుంది. దాదాపు ఏడాది ముందునుంచే అప్లై చేయడం మంచిది. పెద్ద నగరాల పేర్లే పట్టుకుని కూర్చోవద్దు. చిన్న పట్టణాల్లోని చిన్న కంపెనీలకు శిక్షణకు పిల్లలు దొరకడం లేదు, అద్దెలు కూడా అక్కడే తక్కువ.

సీవీ రెండు పేజీలకు మించనివ్వకండి. మీరు నిజంగా చేసిన పనులు రాయండి: మేనమామ దగ్గర సెలవుల్లో సెంట్రింగ్ పని చేసినా సరే అది అర్హతే. ఏజెంట్లు అందరికీ ఒకే లెటర్ పంపిస్తారు, ఒకే వాక్యాలు పది మంది దరఖాస్తుల్లో కనిపిస్తే కంపెనీ అన్నిటినీ పక్కన పెడుతుంది.

ఇంకో వీలు: కంపెనీ దొరక్కముందే అక్కడికి వెళ్లి వెతుక్కోవడానికి 17 సెక్షన్ కింద వీసా ఉంది. 35 ఏళ్ల లోపు వయసు, బి1, కాలేజీలో చేరడానికి అర్హతనిచ్చే ఇంటర్ లాంటి చదువు, అక్కడ బతకడానికి సరిపడా డబ్బు ఉండాలి. గరిష్ఠంగా 9 నెలలు. ఆ సమయంలో వారానికి 20 గంటల వరకు పార్ట్‌టైమ్ చేయొచ్చు, కంపెనీల్లో రెండు వారాల దాకా పని చేసి చూడొచ్చు. డబ్బు ఉన్నవాళ్లకే ఇది. అప్పు చేసి ఈ వీసా మీద వెళ్లడం నేను ఎవరికీ చెప్పను.

5. కాంట్రాక్టును గీటురాయి మీద పెట్టండి

మొత్తం వ్యవహారంలో ఇదే అసలైన మెట్టు. తొందరపడకండి.

ముందు కాంట్రాక్టు ఎవరితో ఉందో చూడండి. నిజంగా ఇళ్లు కట్టే, రోడ్లు వేసే కంపెనీ పేరే ఉండాలి. మ్యాన్‌పవర్ కంపెనీ, కన్సల్టెన్సీ పేరుంటే అక్కడే ఆగిపోండి. ప్రధాన నిర్మాణ రంగంలో కార్మికులను అద్దెకిచ్చే పద్ధతిని జర్మన్ చట్టం కొన్ని మినహాయింపులు తప్ప నిషేధించింది. "మేం తీసుకుంటాం, రకరకాల సైట్లకు పంపుతాం" అనేవాళ్లు మీకు శిక్షణ ఇవ్వడం కోసం పిలవడం లేదు.

తర్వాత లోపల ఏమేం ఉన్నాయో చూడండి. చట్టం ప్రకారం కాంట్రాక్టులో ఉండి తీరాల్సినవి: ఏ వృత్తి, ఎప్పుడు మొదలు, ఎంతకాలం, కంపెనీ బయట ఎక్కడెక్కడ శిక్షణ, రోజూ పని గంటలు, ప్రొబేషన్, నెల భత్యం, సెలవులు, రద్దు షరతులు. ప్రొబేషన్ ఒక నెల నుంచి నాలుగు నెలల దాకా ఉండొచ్చు, అంతకు మించకూడదు.

భత్యం లెక్క ఇలా చూడండి. కొత్తగా చేరేవాళ్లకు చట్టబద్ధమైన కనీస శిక్షణ భత్యం మొదటి ఏడాదికి 2025లో నెలకు 682 యూరోలు, 2026లో 724. రెండో ఏడాది దానికి 18 శాతం, మూడో ఏడాది 35 శాతం ఎక్కువ. ఇది అన్ని రంగాలకూ అడుగు గీత మాత్రమే. నిర్మాణ రంగంలో యూనియన్ ఒప్పందం 2024లోనే మొదటి ఏడాది భత్యాన్ని 1,080 యూరోలకు తెచ్చింది. ఒప్పందంలో లేని కంపెనీ కూడా ఆ రంగపు రేటులో కనీసం 80 శాతం ఇవ్వాలి. అందుకని తాపీ శిక్షణకు ఎవరైనా కనీస భత్యం మాత్రమే రాసిస్తే ఎందుకని నిలదీయండి. కాగితం మీది అంకె మొత్తం చేతికి రాదని కూడా గుర్తుంచుకోండి: పెన్షన్, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా కోతల కింద దాదాపు ఐదో వంతు పోతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. శిక్షణ ఇచ్చినందుకు అప్రెంటిస్ కంపెనీకి డబ్బు కట్టాలనే ఏ షరతైనా జర్మన్ వృత్తి శిక్షణ చట్టం ప్రకారం చెల్లదు. "సీటు బుకింగ్", "కాంట్రాక్టు ఫీజు" అనే పేర్లతో కంపెనీ తరఫున అడిగారంటే కంపెనీ అబద్ధమైనా అయి ఉండాలి, మధ్యవర్తి అబద్ధమైనా ఆడుతుండాలి. భాషా కోర్సు, పరీక్ష, అనువాదాలు, వీసా ఫీజు, టికెట్: మీ ఖర్చులు ఇవే. భారత్‌లో రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగల సర్వీస్ చార్జికి కూడా ప్రభుత్వం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ అని పరిమితి పెట్టింది. ఏజెంటు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ప్రభుత్వ మార్గం కావాలంటే తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ ఉన్నాయి. అక్కడ అవకాశాలు ఎప్పుడు వస్తున్నాయో ఓపికగా కనిపెట్టుకుని ఉండండి.

చివరగా, కాంట్రాక్టు నిజమైనదని నిర్ధారించుకునే పని:

- కంపెనీ వెబ్‌సైట్‌లో "ఇంప్రెసుమ్" పేజీ తెరవండి. చిరునామా, యజమాని పేరు చట్టప్రకారం ఉండాలి. కాంట్రాక్టులోని చిరునామాతో పోల్చండి.
- ఆ వెబ్‌సైట్‌లోని నంబరుకే ఫోన్ చేయండి. ఏజెంటు ఇచ్చిన నంబరుకు కాదు. మీ జర్మన్‌కు ఇది మంచి పరీక్ష కూడా.
- ఆ ప్రాంతపు హాండ్‌వెర్క్స్‌కామర్‌కు లేదా వాణిజ్య మండలికి ఈమెయిల్ పెట్టి, ఈ కంపెనీకి ఈ వృత్తిలో శిక్షణ ఇచ్చే అర్హత ఉందా, నా కాంట్రాక్టు మీ రిజిస్టరులో నమోదైందా అని అడగండి. జర్మన్‌లో ఆ రిజిస్టరును లేర్‌లింగ్స్‌రోలె అంటారు. మండలి నమోదు లేకపోతే చివరి పరీక్ష దగ్గర ఇబ్బంది అవుతుంది.

6. అనుమతి, వీసా

ఫెడరల్ ఉపాధి సంస్థ ఆమోదం వీసా ప్రక్రియలోనే తీసుకుంటారు. స్థానికులు దొరుకుతారేమో ముందు చూడాలనే నిబంధన శిక్షణకు 2024 మార్చిలో పోయింది. ఇప్పుడు ప్రధానంగా షరతులు స్థానికులతో సమానంగా ఉన్నాయా అని చూస్తారు.

ఆగస్టుకు సమయం తక్కువగా ఉంటే కంపెనీ అక్కడి విదేశీయుల కార్యాలయంలో వేగవంతమైన ప్రక్రియకు దరఖాస్తు చేయొచ్చు. ఫీజు 411 యూరోలు. మీరు అడిగితేనే కొన్ని కంపెనీలకు ఈ సంగతి తెలుస్తుంది, కాబట్టి అడగండి.

బతకడానికి సరిపడా ఆదాయం ఉందో చూపాలి. భత్యం నికరంగా నిర్దేశిత మొత్తానికి తక్కువైతే మిగతాది బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే బ్యాంకు ఖాతా) పెట్టాలి, లేదా జర్మనీలో ఉన్నవాళ్లెవరైనా హామీపత్రం ఇవ్వాలి. ఆ మొత్తం ఏటా మారుతుంది, అందుకే నిరుడు వెళ్లిన స్నేహితుడి అంకె కాకుండా కాన్సులేట్ సైట్‌లోని ఈ ఏటి అంకె చూడండి.

దరఖాస్తు తిరస్కరణకు దారితీసే తప్పుల్లో నాకు ఎక్కువగా కనిపించేవి: కాంట్రాక్టులో ఒక తేదీ, ఉద్యోగ ఫారంలో ఇంకో తేదీ, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, సర్టిఫికెట్‌లో ఇంకోచోట, సీవీలో చెప్పకుండా వదిలేసిన ఖాళీ ఏళ్లు. ఖాళీ ఏళ్లుంటే దాచొద్దు, ఇంట్లో ఉన్నానని రాసినా సరే.

7. వీసా ఇంటర్వ్యూ

ఈ ప్రశ్నలకు మీ మాటల్లో, జర్మన్‌లో జవాబు చెప్పగలగాలి: ఏ వృత్తి నేర్చుకుంటున్నారు, ఆ పనిలో రోజూ ఏం చేస్తారు, ఏ ఊళ్లో కంపెనీ ఉంది, ఎవరితో మాట్లాడారు, శిక్షణ ఎన్నేళ్లు, ఎందుకు ఈ పనే? బట్టీ పట్టిన జవాబు మధ్యలో ఒక చిన్న ప్రశ్నతో తెలిసిపోతుంది. "మౌరర్ ఏం చేస్తాడు?" అంటే "ఇల్లు కడతాడు" అని ఆగిపోవద్దు. ఇటుక వరస, మాల్ కలపడం, మట్టం చూడడం, ఏదో ఒకటి చేసి చూసినట్టు చెప్పండి.

8. దిగాక మొదటి వారాలు

ఇల్లు దొరికిన రెండు వారాల్లోపు మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోండి. ఇంటి యజమాని ఇచ్చే ధ్రువపత్రం కావాలి, కాబట్టి "నమోదుకు ఒప్పుకోను" అనే ఇల్లు ఎంత చవకైనా వద్దు. తర్వాత బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా. వీసా గడువు ముగియకముందే విదేశీయుల కార్యాలయంలో రెసిడెన్స్ పర్మిట్‌కు అపాయింట్‌మెంట్ తీసుకోండి. కొన్ని ఊళ్లలో అపాయింట్‌మెంట్‌కే నెలలు పడుతుంది, మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టి దాని రసీదు దాచుకోండి.

9. శిక్షణ సాగుతున్నంత కాలం

శిక్షణ నమోదు పుస్తకం, అంటే బెరీష్ట్‌స్‌హెఫ్ట్, వారం వారం రాయండి, సంతకం చేయించుకోండి. అది లేకపోతే చివరి పరీక్షకు అనుమతించరు. మూడో ఏడాది చివర ఒకేసారి కూర్చుని రాసేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

పక్క ఉద్యోగం వారానికి 20 గంటల వరకు చట్టం ఒప్పుకుంటుంది. సైట్‌లో పూర్తి రోజు మోసి దించినవాళ్లకు ఒంట్లో ఓపిక ఎంత మిగులుతుందన్నది మీకే తెలుస్తుంది.

పని చోట సమస్య వస్తే ముందు రాజీనామా ఇచ్చేయకండి. పర్మిట్ ఆ శిక్షణకే కట్టుబడి ఉంటుంది. ముందుగా హాండ్‌వెర్క్స్‌కామర్‌లోని శిక్షణ సలహాదారుతో మాట్లాడండి, అది ఉచితం. ప్రొబేషన్ దాటాక కంపెనీ గట్టి కారణం లేకుండా మిమ్మల్ని తీసేయలేదు. మీరు మానేసి వేరే వృత్తికి వెళ్లాలంటే నాలుగు వారాల నోటీసు. మీ తప్పు లేకుండా శిక్షణ ఆగిపోతే, పర్మిట్ వెనక్కి తీసుకునేముందు ఇంకో కంపెనీ వెతుక్కోవడానికి ఆరు నెలల వరకు సమయం ఇస్తారు. శిక్షణ ఆగిపోయిందని విదేశీయుల కార్యాలయానికి రెండు వారాల్లోపు మీరే తెలియజేయాలి. "కంపెనీ చెప్తుందిలే" అనుకుని ఊరుకోవద్దు.

పరీక్ష పోతే భయపడక్కర్లేదు. రెండుసార్లు మళ్లీ రాయొచ్చు, మీరు అడిగితే కాంట్రాక్టు తదుపరి పరీక్ష దాకా, గరిష్ఠంగా ఒక ఏడాది, పొడిగిస్తారు.

పాసయ్యాక నిపుణ కార్మికుడిగా 18ఏ సెక్షన్ పర్మిట్‌కు మారొచ్చు. జర్మనీలోనే శిక్షణ పూర్తి చేసినవాళ్లకు అలా రెండేళ్లు పనిచేసి, 24 నెలల పెన్షన్ చందాలు, బి1 ఉంటే శాశ్వత నివాసానికి అర్హత వస్తుంది. ఆ లెక్క తేల్చేది జీతం చీటీలు, పెన్షన్ సంస్థ పంపే స్టేట్‌మెంట్లు కాబట్టి మొదటి నెల చీటీ నుంచే ఒక ఫైల్ పెట్టండి. ఏడాదికోసారి స్టేట్‌మెంట్‌లోని నెలలు, చీటీల్లోని నెలలు సరిపోతున్నాయో చూడండి. తేడా కనిపిస్తే అప్పుడే కంపెనీ అకౌంటెంట్‌ను అడగండి, రెండేళ్లు ఆగి అడిగితే ఆ అకౌంటెంటే ఉండకపోవచ్చు.